కారణం అందని యోబు, ముల్లు వీడని పౌలు

యోబు ఆస్తి రెండింతలై తిరిగొచ్చింది. అసలు అది ఎందుకు పోయిందో మాత్రం చివరిదాకా ఆయనకు ఎవరూ చెప్పలేదు. పౌలుకు ఎందుకో తెలిసింది, కానీ ఒంట్లో గుచ్చుకున్న ముల్లు మాత్రం పోలేదు. ఒకరికి ఉపశమనం ఉంది, కారణం లేదు. ఇంకొకరికి కారణం ఉంది, ఉపశమనం లేదు. బైబిల్లో బాధ గురించి మాట్లాడే చోట్లు చాలానే ఉన్నా, ఇంత సూటిగా ఎదురెదురుగా నిలబడే పాఠాలు అరుదు. అయినా ఆదరణ కూడికల్లో ఈ ఇద్దరినీ ఒకే ఊపిరిలో చెప్పేయడం మనకు అలవాటైపోయింది. యోబులా ఓర్చుకోవాలట, పౌలులా కృపతో సరిపెట్టుకోవాలట. ఈ రెండు పాఠాలు చేసే పని ఒకటి కాదు. ఒకటి వివరణ ఇచ్చేవాళ్ల నోరు కట్టేస్తుంది. రెండోది, బాధపడేవాడు తన బాధకు తానే అర్థం వెతుక్కునే హక్కును కాపాడుతుంది. వీటిని కలగాపులగం చేస్తే ఓదార్పు మాటలే నేరారోపణ అవుతాయి.

ఈ పోలికకు పోర్ట్ బ్లెయిర్ తగిన ఊరు. 2024 సెప్టెంబరులో దాని పేరు శ్రీ విజయపురంగా మారింది. చరిత్ర ప్రస్తావన ఎక్కువ కాబట్టి ఇక్కడ పాత పేరే వాడుతున్నాను. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో క్రైస్తవులు సుమారు 21 శాతం, తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన తెలుగువాళ్లు, 1918 నుంచి అడవి పనులకు తెచ్చిన ఛోటానాగపూర్ ఆదివాసులు, 1925లో బర్మా నుంచి వచ్చి మధ్య అండమాన్‌లో స్థిరపడ్డ కరెన్ బాప్టిస్టులు, నికోబారీ ఆంగ్లికన్లు, తమిళులు, మలయాళీలు ఇలా ఇన్ని భాషల్లో ఒకే గ్రంథాన్ని చదివే చోటు ఇది. పైగా ఈ ఊరు పుట్టిందే శిక్ష కోసం. అది యోబు గ్రంథానికి ఎంత దగ్గరి సంగతో కాసేపట్లో చూద్దాం.

ఎవరికి ఏం తెలుసు

ఒక కథలో ఎవరికి ఏం తెలుసన్న ప్రశ్న నుంచే విమర్శ మొదలుపెట్టవచ్చు. యోబు గ్రంథం మొదటి రెండు అధ్యాయాల్లోనే పరలోక సభ జరుగుతుంది. యోబు భక్తి లాభం చూసుకునే భక్తేనంటాడు సాతాను. పరీక్షకు అనుమతి దొరుకుతుంది. ఇదంతా చదివేవాడికి తెలుసు. యోబుకు తెలియదు. ఆయన భార్యకూ, ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరులకూ, ఆ తర్వాత నోరు విప్పే కుర్రవాడు ఎలీహుకూ తెలియదు. 38వ అధ్యాయంలో దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడడం మొదలుపెట్టినా ఆ సభ ఊసే ఎత్తడు. చివరి అధ్యాయంలో సాతాను ప్రస్తావన కూడా రాదు.

దీనివల్ల పాఠకుడు ఇబ్బందికరమైన చోట కూర్చోవలసి వస్తుంది. స్నేహితులు చెప్పేవి తెలివితక్కువ మాటలు కావు. దేవుడు న్యాయవంతుడు, దుష్టుడు నిలవడు, పశ్చాత్తాపపడితే మేలు కలుగుతుంది అన్నవే వాళ్ల మాటలు. సామెతల గ్రంథంలో ఇలాంటివి కోకొల్లలు. విడిగా తీసి గోడమీద రాసుకున్నా తప్పు పట్టలేం. కానీ ఈ మనిషి విషయంలో అవి అబద్ధమని మనకొక్కరికే తెలుసు. సిద్ధాంతం ఒప్పే అయినా ఎదుటి మనిషి విషయంలో అది అబద్ధం కావచ్చన్న పాఠాన్ని, ఎక్కడా ఉపదేశించకుండా, కథను అమర్చిన తీరుతోనే నేర్పుతుంది ఈ గ్రంథం.

కొరింథీయులకు పౌలు రాసిన రెండో పత్రిక 12వ అధ్యాయంలో ఈ అమరిక తిరగబడుతుంది. ఇక్కడ బాధపడినవాడే రచయిత. అతనికి అంతా తెలుసు, తెలియనిది మనకే. పద్నాలుగేళ్ల కిందట కలిగిన పరలోక దర్శనం గురించి, అది తనది కాదన్నట్టు ఎవరో మనిషికి జరిగిందంటూ చెబుతాడు. ఆ దర్శనాలవల్ల తాను హెచ్చిపోకుండా శరీరంలో ఒక ముల్లు వచ్చిందంటాడు. తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. కృప ఉంది, అది సరిపోతుంది, బలహీనతలోనే శక్తి పూర్తి అవుతుందన్న అర్థం వచ్చే జవాబు వచ్చింది తప్ప ముల్లు పోలేదు. ఆ ముల్లు ఏమిటో పౌలు ఎక్కడా చెప్పలేదు.

అంటే యోబు గ్రంథంలో ఖాళీగా ఉన్నది ‘ఎందుకు’ అన్న చోటు. పౌలు పత్రికలో ఖాళీగా ఉన్నది ‘ఏమిటి’ అన్న చోటు. ఒక్క విషయంలో మాత్రం రెండూ కలుస్తాయి. యోబును కొట్టింది సాతాను చెయ్యి, దానికి అనుమతి దేవుడిది. పౌలు ముల్లు సాతాను దూత, కానీ దానివల్ల నెరవేరింది దేవుని ఉద్దేశం. బాధ్యత ఎవరిదన్న లెక్క రెండు చోట్లా తేలదు. రెండు పాఠాలూ ఆ లెక్కను తేల్చకుండా వదిలేశాయి. తేల్చాలన్న ఆత్రం తర్వాత వచ్చిన వ్యాఖ్యాతలదే.

ముల్లుకు పేరు పెట్టినవాళ్లు

ఆ ఆత్రానికి పద్దెనిమిది వందల ఏళ్ల చరిత్ర ఉంది. ముల్లు అంటే చెవిపోటో తలనొప్పో అన్న మాట తొలి క్రైస్తవ రచయిత తెర్తుల్లియను కాలానికే వినబడింది. నాలుగో శతాబ్దపు క్రిసోస్తొము శరీర రోగమన్న మాటనే కొట్టిపారేసి, పౌలును ఎదిరించిన మనుషులే ఆ ముల్లన్నాడు. పంతొమ్మిదో శతాబ్దంలో బైబిలు పండితుడు లైట్‌ఫుట్ మూర్ఛలాంటి జబ్బువైపు మొగ్గాడు. గలతీయులకు రాసిన పత్రికలో కళ్ల ప్రస్తావన చూసి కంటిజబ్బే అన్నవాళ్లున్నారు. 1895లో విలియం రామ్సే పంఫూలియ పల్లపు ప్రాంతంలో పట్టుకున్న మలేరియా అని ప్రతిపాదించాడు.

పోర్ట్ బ్లెయిర్‌లో చదువుతుంటే రామ్సే ఊహ అన్నిటికంటే దగ్గరగా తోస్తుంది. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఇక్కడ మొదలుపెట్టిన వలస స్థావరాన్ని 1792లో ఉత్తర అండమాన్‌కు తరలించారు. జ్వరాలు, జబ్బులు, చావులు తట్టుకోలేక 1796లో దాన్ని మొత్తంగా ఎత్తేశారు. దోమకు భయపడి ఒక సామ్రాజ్యం వెనక్కి తగ్గిన దీవుల్లో చదువుతుంటే, అపొస్తలుడికి చలిజ్వరం వచ్చిందంటే ఎవరైనా నమ్ముతారు. నమ్మకం అంత సులువుగా కుదరడంలోనే చిక్కుంది. ప్రతి కాలం తనకు తెలిసిన జబ్బునే పౌలు ఒంటికి అంటగట్టింది. పౌలు పేరు చెప్పకపోవడంవల్లే కీళ్లనొప్పుల ముసలమ్మ, కొడుకు తాగుడుతో కుమిలే తండ్రి, పెళ్లికాని చెల్లెలు కూడా ఆ ముల్లు తమదేనని అనుకోగలిగారు. జబ్బును నిర్ధారిస్తే ఆ వాక్యం ఒక రోగి చరిత్రగా కుంచించుకుపోతుంది.

పేరు కంటే ముఖ్యమైనది సందర్భం. కొరింథులో పౌలుకు పోటీదార్లు వచ్చారు. వాళ్లకు వాగ్ధాటి ఉంది, దర్శనాలున్నాయి, సిఫారసు లేఖలున్నాయి. పౌలు ఉత్తరాలు బరువుగా ఉంటాయి గానీ మనిషి ఎదురుపడితే తేలికే అని ఎగతాళి కూడా చేశారు. దానికి జవాబుగా పౌలు తన గొప్పలు ఏకరువు పెట్టలేదు. దెబ్బల చిట్టా విప్పాడు. కొరడా దెబ్బలు, రాళ్ల దెబ్బలు, మూడు ఓడ ప్రమాదాలు, నడిసముద్రంలో ఒక రాత్రి ఒక పగలు. ఆ చిట్టా చివర వచ్చేదే ఈ ముల్లు. అంటే బలహీనత గురించి ఇక్కడ చెప్పేవాడు సంఘాలను స్థాపించిన నాయకుడు. అధికారం ఉండి కూడా దాని డాబును వదులుకుంటున్నవాడు. అదే మాటను ఏ అధికారమూ లేనివాళ్ల మీదికి తిప్పితే అర్థం తలకిందులవుతుంది. తాగొచ్చి కొట్టే మొగుడున్న ఆడమనిషితో అది నీ ముల్లమ్మా, భరించమని చెప్పేవాడు పౌలును చదవలేదు. పౌలు తన గర్వాన్ని దించుకోవడానికి వాడిన మాటతో ఆవిడ ఫిర్యాదును నొక్కేశాడు, అంతే.

స్వస్థత కూటాల్లో వినిపించే వాదన కూడా ఈ అధ్యాయం ముందు నిలవదు. విశ్వాసం చాలకపోవడంవల్లే రోగం తగ్గలేదంటే, మూడుసార్లు అడిగీ పొందని పౌలు విశ్వాసం ఏ పాటిదనుకోవాలి?

శిక్ష కోసం పుట్టిన ఊరు

1858 మార్చి 10న డాక్టర్ జె.పి. వాకర్ రెండు వందల మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. మునుపటి ఏడాది తిరుగుబాటు తర్వాతి బందీలతో ఈ ఊరు రెండోసారి పుట్టింది. 1896లో మొదలుపెట్టిన సెల్యులార్ జైలు 1906కి పూర్తయింది. కాలాపాని శిక్ష మీద ఇక్కడికి వచ్చిన మనిషి ముఖం చూడకముందే అతని బాధకు కారణం కాగితం మీద సిద్ధంగా ఉండేది. ఇక్కడ ఉన్నాడంటే ఏదో చేసే ఉంటాడు. ఎలీఫజు తర్కం పాలనా యంత్రాంగమైతే ఇలాగే ఉంటుంది.

యోబు గ్రంథంలో ఎలీఫజు మూడుసార్లు మాట్లాడతాడు. 4వ అధ్యాయంలో మర్యాదగా మొదలుపెడతాడు. 15వ అధ్యాయానికి గొంతు కరుకెక్కుతుంది. 22వ అధ్యాయంలో ఏకంగా నేరాల పట్టిక చదువుతాడు: తోబుట్టువుల దగ్గర అన్యాయంగా తాకట్టు పెట్టించుకున్నావు, దాహమన్నవాడికి నీళ్లివ్వలేదు, విధవరాళ్లను వట్టిచేతులతో పంపేశావు. యోబు మచ్చలేనివాడని గ్రంథం మొదటి వాక్యంలోనే చెప్పింది. ఈ నేరాలకు సాక్ష్యం లేదు. సిద్ధాంతాన్ని కాపాడుకోవడానికి ఎలీఫజు నేరాన్ని అల్లాడు.

ఈ ఊరు దాన్ని కళ్లారా చూసింది. 1942 మార్చి 23న జపాన్ సైన్యం పోర్ట్ బ్లెయిర్‌ను ఆక్రమించింది. ఆ తర్వాత గూఢచారులన్న అనుమానంతో మనుషుల్ని పట్టుకుని, సెల్యులార్ జైల్లో హింసించి ఒప్పుకోలు రాబట్టారు. పంజాబీ కవి, వైద్యుడు దివాన్ సింగ్ చిత్రహింసల వల్ల 1944 జనవరి 14న చనిపోయారు. అదే నెల 30న హంఫ్రీగంజ్ దగ్గర 44 మందిని కాల్చి గోతిలో పూడ్చారు. ముందు అనుమానం, తర్వాత నేరం, చివర ఒప్పుకోలు. 27వ అధ్యాయంలో యోబు చేయనన్నది ఇదే. చచ్చేదాకా నా యథార్థతను వదలను, మీరు చెప్పింది సరేనని అననంటాడు. దీన్ని మొండితనమని, స్వనీతి అని విమర్శించిన ప్రసంగాలు చాలా ఉన్నాయి. చేయని నేరాన్ని ఒప్పుకోమని బలవంతపెట్టిన ఊళ్లో చదివితే అది మొండితనంలా కనిపించదు. మనిషికి మిగిలిన ఆఖరి ఆస్తిలా కనిపిస్తుంది. గ్రంథం తీర్పూ అదే. 42వ అధ్యాయంలో దేవుడు తనను సమర్థించిన స్నేహితుల మాట సరికాదన్నాడు. తనతో పోట్లాడిన యోబు పక్షాన నిలిచాడు.

తెలుగువాడికి ఎలీఫజు కొత్తవాడు కాడు. ఏ జన్మలో ఏం చేసుకున్నాడో అన్న మాట మన వీధుల్లో ఏ మతం గుమ్మం ముందైనా వినిపిస్తుంది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డిని చూసి శిష్యులు అడిగింది దాదాపు ఇదే: పాపం వీడిదా, వీడి అమ్మానాన్నలదా? యేసు రెండూ కాదన్నాడు. లూకా 13వ అధ్యాయంలో సిలోయము గోపురం కూలి చచ్చిన పద్దెనిమిది మంది మిగతా ఊరి కంటే పాపులా అన్న ప్రశ్న తానే వేసి, కాదని తానే తోసిపుచ్చాడు. గోపురం ఎందుకు కూలిందో మాత్రం చెప్పలేదు.

ఈ వరుసలో జాషువా ‘గబ్బిలం’ కూడా చేరుతుంది. 1941లో వచ్చిన ఆ కావ్యంలో అంటరానివాడు తన బాధను శివుడికి చెప్పుకోవాలనుకుంటాడు. గుడి తలుపులు తనకు మూసి ఉన్నాయి గనక గబ్బిలాన్ని దూతగా పంపుతాడు. యోబు తన వ్యాజ్యాన్ని నేరుగా దేవుడి ముందే పెట్టగలిగాడు. జాషువా నాయకుడికి ఆ దారి కూడా మనుషులు మూసేశారు. కర్మ అని తేల్చేసిన బాధను మళ్లీ ప్రశ్నగా మార్చడంలో మాత్రం ఇద్దరిదీ ఒకే పని. తెలుగు క్రైస్తవుల్లో అత్యధికులు ఏ వాడల నుంచి వచ్చారో గుర్తుంచుకుంటే, వాళ్ల చేతికి ఓర్చుకునే యోబును మాత్రమే ఇచ్చి పోట్లాడే యోబును దాచిపెట్టడం చిన్న పొరపాటు కాదు. మొదటి రెండు అధ్యాయాల యోబు ఫిర్యాదు చేయడు. 3వ అధ్యాయం నుంచి 31వ అధ్యాయం దాకా యోబు నోరు మూయడు.

సముద్రానికి తలుపులు

దేవుని ప్రసంగంలో ఒక భాగాన్ని ఈ దీవుల్లో తడబడకుండా చదవలేం. 38వ అధ్యాయంలో, సముద్రం పుట్టినప్పుడు దానికి తలుపులు, గడియలు పెట్టిందెవరని దేవుడు యోబును అడుగుతాడు. అలల పొగరు ఇక్కడిదాకానే అని హద్దు గీసింది తానేనంటాడు. 2004 డిసెంబరు 26 ఆదివారం. క్రిస్మస్ మర్నాడు. ఉదయం దాదాపు ఆరున్నరకు సుమత్రా దగ్గర భూమి కంపించింది. సుమారు 1300 కిలోమీటర్ల మేర పగులు అండమాన్ దాకా సాగింది. పోర్ట్ బ్లెయిర్ నేల సుమారు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాల్లోకి వచ్చిన ఉప్పునీరు అక్కడే నిలిచిపోయింది. దక్షిణాన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగిపోయింది. కార్ నికోబార్ తీర గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. బతికినవాళ్లను ఓడల్లో, విమానాల్లో పోర్ట్ బ్లెయిర్‌కు తెచ్చారు. స్కూళ్లు, ప్రార్థనా మందిరాలు శిబిరాలయ్యాయి.

ఆ శిబిరంలో ఈ అధ్యాయం చదివితే ఏమవుతుంది? గడియ పెట్టినవాడే తీశాడా? లేక గడియ లేనే లేదా? అమెరికన్ వేదాంతి డేవిడ్ బెంట్లీ హార్ట్ సునామీ మీద 2005లో రాసిన చిన్న పుస్తకానికి ఈ సముద్రపు తలుపుల మాటనే పేరుగా పెట్టుకున్నాడు. ప్రతి చావుకూ దేవుని ప్రణాళికలో ఒక ప్రయోజనం ఉందని చెప్పేవాళ్లతో అతను విభేదించాడు. చావు శత్రువే, దానికి లోపల ఏ అర్థమూ లేదు, దేవుడు దాన్ని వివరించడు, ఓడిస్తాడు అన్నది అతని వాదనలోని సారం. పౌలు ముల్లు పాఠాన్ని సునామీకి పొడిగించేవాళ్లకు ఇది గట్టి ఆటంకం. ఒక మనిషి గర్వం అణగడానికి ముల్లు ఇచ్చారంటే అర్థముంది. పొత్తిళ్లలో కొట్టుకుపోయిన బిడ్డ ఎవరి గర్వం అణచడానికి?

యోబు గ్రంథం ముగింపు కూడా ఇక్కడ చిక్కు తెస్తుంది. గొర్రెలు, ఒంటెలు, ఎద్దులు, గాడిదలు రెండింతలయ్యాయి. పిల్లలు మాత్రం మళ్లీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లే. పోయిన పిల్లలు తిరిగి వస్తారు గనక లెక్క రెండింతలే అన్న సమర్థన ఒకటుంది. చదివేవాడికి అది ఊరట కావచ్చు. పాఠంలో మాత్రం లేదు. పాఠంలో ఉన్నది, పది సమాధుల తర్వాత పుట్టిన పదిమంది పిల్లలు. సునామీ తర్వాత మళ్లీ పిల్లల్ని కన్న తల్లిదండ్రులను అడిగితే, కొత్త బిడ్డ పాత బిడ్డకు బదులు కాదనే చెబుతారు. గ్రంథం కూడా బదులని ఎక్కడా అనలేదు.

యోబు గ్రంథంలో మనం తరచూ దాటేసే సంగతి మరొకటుంది. మొదటి అధ్యాయంలో నాలుగు విపత్తులు వరుసగా వస్తాయి: షెబాయుల దాడి, ఆకాశం నుంచి అగ్ని, కల్దీయుల దాడి, పెనుగాలి. రెండు ప్రకృతివి, రెండు మనుషులవి. పరలోక సభ సంగతి ఎలా ఉన్నా, గొడ్లను తోలుకుపోయింది పేరున్న మనుషులు. ఇన్ని అధ్యాయాలు మాట్లాడిన స్నేహితుల్లో ఒక్కడూ షెబాయులను తప్పుబట్టడు; పశువులను వెనక్కి తెద్దామనడు. యోబు హృదయాన్ని తవ్వడమే వాళ్లకు పని.

2004లో హిందూ మహాసముద్రానికి సునామీ హెచ్చరిక వ్యవస్థ లేదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబరులో మొదలైంది. భూకంప కేంద్రానికి దగ్గరగా ఉన్న నికోబార్‌కు హెచ్చరిక ఉన్నా కొద్ది నిమిషాలకు మించి వ్యవధి దొరికి ఉండకపోవచ్చు. గంటల తర్వాత అల తాకిన ఆంధ్ర, తమిళ తీరాలకు హెచ్చరిక ఉంటే ఎన్నో ప్రాణాలు నిలిచేవి. నిర్వాసితులు ఏళ్ల తరబడి రేకుల షెడ్లలో ఉడికిపోవడానికి కూడా పరలోకంలో కారణం వెతకనక్కర్లేదు. వివరణ లేని బాధ ఒకటి. వివరణ ఉండీ ఎవరూ అడగని బాధ ఇంకొకటి. దేవుని మర్మం అన్న మాట మొదటిదానికే తగుతుంది. రెండోదానికి వాడితే అది షెబాయులకు దొరికిన రక్షణ.

ముందు మంట, తర్వాత మాట

ద్వీపవాసులు బాధను ఎలా చదివారో చెప్పే కథ కొత్త నిబంధనలోనే ఉంది. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో పౌలు ఎక్కిన ఓడ పగిలి అందరూ మెలితే ద్వీపానికి కొట్టుకొస్తారు. వాన, చలి. అక్కడివాళ్లు మంట వేసి అందరినీ చేర్చుకుంటారు. పుల్లల్లోంచి పాము వచ్చి పౌలు చెయ్యి పట్టుకోగానే, వీడు హంతకుడై ఉంటాడు, సముద్రం వదిలినా న్యాయం వదల్లేదనుకుంటారు. అతనికి ఏమీ కాకపోయేసరికి దేవుడనుకుంటారు. లూకా ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి ఊరుకున్నాడు. రెండూ తప్పే. వాళ్ల వ్యాఖ్యానాల్లో సరైనది ఒక్కటీ లేదు. వాళ్లు చేసిన పనిలో తప్పు ఒక్కటీ లేదు.

యోబు స్నేహితుల కథ కూడా ఇదే క్రమంలో నడుస్తుంది. కబురు విని దూరం నుంచి వచ్చారు, బట్టలు చించుకున్నారు, ఏడు రాత్రులూ ఏడు పగళ్లూ నేలమీద కూర్చుని ఒక్క మాటా అనలేదు. గ్రంథం మొత్తంలో వాళ్లు సరిగ్గా చేసిన పని అదే. ఎనిమిదో రోజు నోరు విప్పాక అంతా పాడైంది. ఒకటి హీబ్రూ కవిత్వం, మరొకటి గ్రీకు ప్రయాణ కథనం. కాలం వేరు, ప్రక్రియ వేరు. అయినా మనిషి దగ్గరికి రావడానికి వివరణ అక్కర్లేదని రెండూ చూపిస్తాయి.

ఎవరి బాధకు ఎవరి వ్యాఖ్యానం

పౌలు తన ముల్లుకు అర్థం చెప్పుకున్నాడు. మరి ఇతరుల జబ్బులకు? ఎపఫ్రొదితు చావుదాకా వెళ్లి బతికినప్పుడు, దేవుడు అతన్నీ కనికరించాడు, దుఃఖం మీద దుఃఖం రాకుండా నన్నూ కనికరించాడు అంటాడు తప్ప ఆ జబ్బుకు ప్రయోజనం చెప్పడు. పౌలు పేరుతో ఉన్న తిమోతి పత్రికల్లో త్రోఫిమును మిలేతులో రోగంతో వదిలి వచ్చానన్నది ఒక్క వాక్యం, వ్యాఖ్యానం లేదు. తిమోతి కడుపుజబ్బుకు కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమన్న సలహా ఉంది. అది నీ ముల్లు, ఓర్చుకో అన్న మాట ఎక్కడా లేదు. తన బాధను ఉత్తమ పురుషలో అంత లోతుగా వ్యాఖ్యానించిన మనిషి, పక్కవాడి బాధ దగ్గర నర్సులా మాట్లాడాడు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో, ప్రభువు బల్లను అయోగ్యంగా తీసుకున్నందువల్లే మీలో చాలామంది బలహీనులు, రోగులు అయ్యారు, కొందరు చనిపోయారంటాడు. ఇది ఇతరుల రోగానికి సూటిగా కారణం చెప్పడమే, దాచలేం. అయితే సందర్భం చూడాలి. అక్కడ ఉన్నవాళ్లు ముందుగా వచ్చి కడుపునిండా తిని తాగుతున్నారు, లేనివాళ్లు ఆకలితో నిలబడి సిగ్గుపడుతున్నారు. పౌలు నింద సంఘం మొత్తం మీద, ముఖ్యంగా తిన్నవాళ్ల మీద. ఫలానా రోగిది ఫలానా పాపమని అతను వేలు చూపలేదు. ఇలా చదివినా ఆ వాక్యం కరుకుదనం పూర్తిగా పోదు. పౌలులోనూ ఒక ఎలీఫజు ఉన్నాడని ఒప్పుకోవడమే నిజాయితీ. రెండో పత్రికలో ముల్లు గురించి రాసిన పౌలును ఆ మొదటి పౌలుకు దిద్దుబాటుగా నేను చదువుతాను.

ఇద్దరి బాధా చివరికి ఒకే దిక్కుకు తిరగడం గమనించదగ్గది. యోబు 24వ అధ్యాయానికి వచ్చేసరికి తన పుండ్లను మరిచి, గట్లు జరిపేసి లాక్కున్న పొలాల గురించి, బట్టల్లేక చలికి వణికే కూలీల గురించి, ధాన్యపు పనలు మోస్తూ ఆకలితో ఉన్నవాళ్ల గురించి దేవుణ్ణి నిలదీస్తాడు. పెరూ వేదాంతి గుస్తావో గుతియెర్రెజ్ 1986లో యోబు మీద రాసిన పుస్తకంలో ఈ మలుపునే కీలకంగా పట్టుకున్నాడు. పౌలు కూడా ఓడ ప్రమాదాల చిట్టా చివర, ఎవరు బలహీనపడినా తానూ బలహీనపడకుండా ఉంటానా అంటాడు. ఇద్దరికీ సొంత నొప్పే పక్కవాడి నొప్పికి దారి అయింది. కారణం దొరికినవాడికీ దొరకనివాడికీ దారి ఒకటే కావడం ఈ పోలికలో దొరికే అసలు ఫలితం.

పౌలు పత్రికలతో సహా కొత్త నిబంధనను కార్ నికోబారీ భాషలోకి తెచ్చిన జాన్ రిచర్డ్‌సన్ జీవితమూ ఆ దారిలోనిదే. జపాన్ ఆక్రమణలో చిత్రహింసలు పడి, మరణశిక్ష అంచుదాకా వెళ్లి బతికారు. తర్వాత 1952లో మొదటి లోక్‌సభకు నామినేటెడ్ సభ్యుడిగా వెళ్లారు, బిషప్‌గా కూడా పనిచేశారు, 1978లో కన్నుమూసేదాకా ఆ దీవుల మనిషిగానే ఉన్నారు. తాను బతికి ఇతరులు పోవడానికి కారణం ఆయనకు దొరికిందో లేదో మనం ఊహించనక్కర్లేదు. బతికాక చేసిన పని మాత్రం కళ్లముందుంది.

రెండు పాఠాల్లో ఏది గొప్పదని అడిగితే, బహిరంగంగా నిలబడి చదవడానికి యోబు గ్రంథమే గట్టిది. పౌలు ముల్లులో కారణం మరీ చక్కగా అతికింది; ఇంకొకరి నోట అది సులువుగా ఆయుధమవుతుంది. ఆ అధ్యాయం ఎవరికి వారు ఒంటరిగా తెరుచుకుని, ఇది నాది అనుకోగలిగితే అనుకోవలసినది. చావింట్లో పక్కవాడు తెరిచి వినిపించవలసినది కాదు. యోబు గ్రంథమైతే పక్కవాడి కోసమే రాసినట్టుంటుంది. దాని ముగింపులో క్షమాపణ కోరవలసి వచ్చినవాళ్లు ఓదార్చడానికి వచ్చిన ముగ్గురే. వాళ్లు బలి అర్పించాలి, వాళ్ల కోసం యోబు ప్రార్థించాలి. ఆ ప్రార్థన చేసినప్పుడే యోబు స్థితి మారిందని గ్రంథం చెబుతుంది. ఆదరణ కూడికలో వరుసగా ప్రసంగించేవాళ్లంతా ఆ చివరి అధ్యాయాన్ని ముందుగా చదువుకుని రావాలి. ఆ రోజు మొదటి మాట ఆ ఇంటివాళ్లకు ఇవ్వాలి. వాళ్లు దేవుడితో పోట్లాడితే పోట్లాడనివ్వాలి. హెచ్చరిక ఎందుకు రాలేదు, ఇల్లు ఎప్పుడు కట్టిస్తారు అని వాళ్లు అడిగితే, జవాబు చెప్పవలసినవాళ్ల ఆఫీసు దాకా వాళ్లతో కలిసి నడవాలి.